గడియారాలావిడకి వైన్ రుచి చెప్పిన విధం

సోమవారం

అక్కకి, మందుల షాపులోంచి తమ్ముడు.

నేను బాగానే ఉన్నాను. నా నోరే బాగాలేదు. యాభై దాటినా ఎప్పుడు మూసుకోవాలో దానికి తెలిసిరాలేదు.

నా షాపుకి ఎదురుగా గడియారాలు బాగుచేసే ఆవిడ ఉందని నీకు ఒకటి రెండు ఉత్తరాల్లో రాశాను. "ఒకటి రెండేమిటి, ప్రతి ఉత్తరంలోనూ ఆవిడేగా" అని నువ్వు దెప్పుతావు. సరే, ప్రతి ఉత్తరంలోనూ రాశాను. కంటికి భూతద్దం బిగించుకుని, తల వంచుకుని, పట్టకారుతో చిన్న చిన్న చక్రాలు పట్టుకుని ఆవిడ అక్కడ కూర్చుంటే, ఇక్కడ నేను దగ్గుమందు అడిగినవాళ్ళకి నడుంనొప్పి తైలం ఇస్తున్నాను. మొన్న ఒకాయన నానా మాటలూ అని వెళ్ళాడు. ఆవిడా గొంతు బిళ్ళలకి వస్తుంటుంది గానీ, వరసలో జనం మధ్య చిల్లర లెక్క తప్ప వేరే మాటకి వీలుండదు. ఆవిడ భర్త పోయి చాలా ఏళ్ళయింది, ఒక్కతే ఉంటుంది. నేనూ ఒక్కణ్ణే. ఇంతకంటే విడమరిచి రాయాలంటే నాకు సిగ్గు.

నిన్న నా షాపులో గోడగడియారం ఆగిపోయింది. నీ దగ్గర దాపరికం ఎందుకు, సెల్ నేనే పీకేశాను. పట్టుకుని వెళ్ళాను. ఆవిడ వెనక్కి తిప్పి చూసి, "ఇందులో సెల్ లేదండీ" అంది. "అలాగా! అదా సంగతి!" అన్నాను. ఆవిడ నన్ను చూసిన చూపుకి గడియారం అక్కడే వదిలేసి పరిగెత్తాల్సింది. పరిగెత్తకుండా, బల్లమీద ఒక సీసా కనిపిస్తే మాట మార్చడానికి "ఇదేమిటండీ" అన్నాను.

ఎవరిదో తాతలనాటి గడియారం నడిపించి ఇస్తే, సంతోషపడి ఇచ్చి వెళ్ళారట. ఇటలీ నుంచి వచ్చిన ఎర్ర వైన్. గొప్పింటివాళ్ళు తాగేదేం కాదు, మనలాంటివాళ్ళు కొనుక్కోగలిగేదే. "దీని రుచి ఎలా ఉంటుందో మీకు తెలుసా?" అని అడిగింది. "తెలియకపోవడమేమిటండీ! సాయంత్రం ఒక గ్లాసు పడకపోతే నాకు పొద్దు గడవదు" అన్నాను.

అక్కా, నా జన్మలో నేను తాగిన వాటన్నిటిలోకీ ఘాటైంది దగ్గుమందు. అది కూడా గడువు దాటిపోతోందని, పారేయడానికి మనసొప్పక.

ఆవిడ మొహం వెలిగిపోయింది. "అయితే నెలాఖరు శనివారం ఈ సీసా పట్టుకుని మీ ఇంటికి వస్తాను. మీరు తాగి, ఎలా ఉందో నాకు చెప్పాలి. ఏదీ వదలకుండా చెప్పాలి" అంది. నేను తల ఊపి వచ్చేశాను. 

అలాంటి సీసానే ఒకటి కొనుక్కొచ్చి బీరువాలో చొక్కాల వెనక దాచాను. దాన్ని ఏం చెయ్యాలో తెలియదు. నీ డ్రైక్లీనింగ్ షాపుకి పెద్ద హోటళ్ళవాళ్ళు వస్తుంటారు కదా, నీకేమైనా తెలిస్తే రాయి. నేను దొరికిపోయానంటే ఆవిడ ఇక నా మొహం చూడదు. నాకేమో పొద్దున్న లేస్తే ఎదురుగా ఆవిడే. ఈ వయసులో నాకు దొరికిన ఒకే ఒక అవకాశం అక్కా ఇది.

ఇట్లు
నీ బుద్ధిలేని తమ్ముడు

తా.క.: ఆవిడ గడియారానికి కొత్త సెల్ వేస్తుండగా నా చొక్కా జేబులోంచి పాత సెల్ జారి ఆవిడ బల్లమీదే పడింది. నేను గోడమీది గడియారాలు లెక్కపెట్టాను. ఆవిడ దాన్ని పట్టకారుతో తీసి పక్కన పెట్టింది.

*

గురువారం

ఒరే పిప్పర్మెంటూ,

నీ ఉత్తరం మీ బావగారికి చదివి వినిపించాను. ఆయన నవ్వీ నవ్వీ ఇస్త్రీపెట్టె ఒక ప్యాంటు మీద వదిలేశారు. ఆ ప్యాంటు ఎవరిదో నీకెందుకులే, ఇప్పుడది నిక్కరు.

చిన్నప్పుడు నీ వాగుడు ఆపడానికి నోట్లో పిప్పర్మెంటు కుక్కేదాన్ని. ఆవిడ షాపుకి వెళ్ళేముందు ఒకటి వేసుకుని వెళ్ళాల్సింది. సరే, జరిగిందేదో జరిగింది. ఇప్పుడు నేను చెప్పేది శ్రద్ధగా విను. ఎవరైనా ఇంటికి పిలిస్తే "బాగుంది" అంటే చాలు. ఈవిడ "ఏదీ వదలకుండా చెప్పాలి" అందంటే అది పరీక్షరా వెర్రి వెధవా! ఆవిడకి ఆ సరుకు గురించి అంతా తెలిసుండాలి. నువ్వు కోతలు కోస్తున్నావో లేదో చూడ్డానికి వస్తోంది. గడియారం విప్పినట్టు నిన్ను విప్పి బల్లమీద పరుస్తుంది, చూస్తూ ఉండు.

నాకు వైన్ రుచి తెలియదు. మరక తెలుసు. కాఫీ మరక బతిమాలితే పోతుంది, నూనె మరక బెదిరిస్తే పోతుంది. ఎర్ర వైన్ మాత్రం మొండి ఘటం. కాబట్టి మొదటి సంగతి, ఆ రోజు తెల్ల చొక్కా వేసుకోకు. రెండోది, గ్లాసు నిండా పొయ్యకు, నీ చెయ్యి సంగతి నాకు తెలుసు. మూడోది, ఒక కొత్త తెల్ల రుమాలు మీద ఆ వైన్ ఒక్క చుక్క వేసి, ఆరబెట్టి, నాకు పంపు. మరక అంచు చూస్తే అది మంచి సరుకో, రంగు కలిపిందో చెప్పేస్తాను.

ఇంకోటి. మా షాపుకి ఒక హోటల్ మేనేజరు వస్తాడు, కోటు బొత్తాలు అన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో నా ఎదురుగానే లెక్కపెట్టుకునే మనిషి. అతన్ని అడిగాను. తాగేముందు మూత తీసి కాసేపు గాలి తగలనివ్వాలట. అలా చెయ్యి.

ఇట్లు
నీ అక్క

తా.క.: దిగులు పడకు అని మీ బావగారు రాయమన్నారు. నేను మాత్రం దిగులు పడమనే అంటాను. దిగులు పడితేనే నువ్వు కాస్త జాగ్రత్తగా ఉంటావు.

*

ఆదివారం

అక్కకి,

తాగాను. బతికే ఉన్నాను.

బిరడా తీసే మర ఇంట్లో లేదు. కత్తెరతో పొడిచాను, రాలేదు. చెంచా వెనకవైపుతో తోస్తే లోపలికి పడిపోయింది. ఇప్పుడు వైన్‌లో తేలుతోంది. అలవాటు చేతిలో ఉంటుంది కదా, ముందు సీసాని బాగా కుదిపాను. మా సీసాలన్నిటికీ అదే పద్ధతి. అడుగున ఉన్న మడ్డి అంతా పైకి లేచింది, మందు పాళ్ళు సరిగ్గా కలిశాయని సంతోషించాను. తర్వాత సిరప్‌తో ఇచ్చే ప్లాస్టిక్ మూత తెచ్చి, గీత దాకా కొలిచి, భోజనం అయ్యాక వేసుకున్నాను. వేసుకునేటప్పుడు ముక్కు మూసుకున్నాను. వెంటనే గ్లాసుడు నీళ్ళు తాగాను. రుచి ఏమీ తెలియలేదు. ఇటలీవాళ్ళు దీనికోసం ఇంత హడావిడి ఎందుకు పడతారో అర్థం కాలేదు.

కాసేపు కూర్చున్నాక తట్టింది, ముక్కు మూసుకోకూడదేమోనని. రెండో మోతాదు ముక్కు తెరిచి వేసుకున్నాను. ఈసారి గొంతులో ఏదో గీరుకుంటూ పోయింది, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అది బాగుండడమో బాగోకపోవడమో చెప్పేవాళ్ళు పక్కన లేరు.

నువ్వు చెప్పినట్టు గాలికి పెట్టాను. కాసేపు అన్నావు గానీ ఎంతసేపో రాయలేదు. నాకు మందుల విషయంలో సొంత తెలివి ఉపయోగించడం అలవాటు లేదు. అందుకని కిటికీ గూట్లో మూత లేకుండా ఉంచాను. నీ ఉత్తరం వచ్చేదాకా దాన్ని ముట్టుకోను.

రుమాలు ఇందులో పెట్టాను. ఒక్క చుక్క వెయ్యమన్నావు. సీసా కాస్త ఎక్కువ వంగింది. రుమాలు విప్పి చూస్తే నీకే అర్థమవుతుంది.

ఇట్లు
నీ తమ్ముడు

తా.క.: సీసా మీద నాకు తెలియకుండానే "పిల్లలకు అందకుండా ఉంచవలెను" అని చీటీ అంటించేశాను. ఇంట్లో పిల్లలు లేరు. నాకు పెళ్ళే లేదు.

*

మంగళవారం

ఒరే పిప్పర్మెంటూ,

కొంప మునిగింది. నువ్వు పిన్నికి కనిపించకుండా కొన్నాళ్ళు షాపు వెనకగదిలో దాక్కో.

నీ ఉత్తరం వచ్చినప్పుడు నేను షాపులో ఒక పెళ్ళికూతురి గౌనుతో కుస్తీ పడుతున్నాను. మీ బావగారు విప్పారు. కళ్ళజోడు ఎక్కడో పెట్టి మర్చిపోయారు, ఉత్తరం చదవలేదు. రుమాలు మాత్రం కనపడింది. ఒక చుక్క వెయ్యమంటే సగం రుమాలు ముంచి పంపిస్తావా? "అయ్యో అయ్యో, నా బావమరిదికి దగ్గులో రక్తం పడుతోంది" అని ఆయన అక్కడే కూలబడ్డారు. నేను వచ్చేలోపే, మీ ఊళ్ళోనే ఉంది కదాని, పిన్నికి వంకర గీతల్లో ఉత్తరం గీకి పోస్టు డబ్బాలో పడేసి కూడా వచ్చారు. వాసన చూస్తే తెలిసిపోయేది కదండీ అంటే, "జబ్బుని ఎవరైనా వాసన చూస్తారా" అని నామీదే ఎగిరారు.

ఇక రుమాలు సంగతి. అంచు శుభ్రంగా ఉంది, ఉతికితే రంగు కలిపినదాంట్లోంచి దిగినట్టు నీలం దిగలేదు. సరుకు మంచిదే. నీకే మంచీ చెడ్డా తెలియట్లేదు. కాసేపంటే అరగంటరా! నా ఉత్తరం వచ్చేదాకా సీసా నోరు తెరుచుకుని కూర్చుంటే అందులో వైన్ ఉంటుందా? పారబొయ్యి.

నువ్వు ఏ ఊబిలో దిగుతున్నావో చూద్దామని నేనూ ఆ సీసానే ఒకటి తెప్పించాను. తమ్ముడి కోసం ఎంతదూరమైనా వెళ్ళాలి కదా. రేపు సాయంత్రం షాపు కట్టేశాక మీ బావగారూ నేనూ చూస్తాం.

ఇట్లు
నీ అక్క

తా.క.: ఏమోయ్ బావమరిదీ, నేను మీ బావని. కళ్ళజోడు దొరికింది, మీ అక్క ఉత్తరం మడిచేలోపు రాస్తున్నాను. క్షయ లేనందుకు అభినందనలు.

*

శుక్రవారం

అక్కకి,

పిన్ని వచ్చింది. ముక్కుకీ నోటికీ కలిపి తువ్వాలు కట్టుకుని, చేతిలో సూప్ గిన్నెతో, షాపు నిండా జనం ఉండగా గుమ్మంలోనే నిలబడి "ఎంత రక్తం పడిందిరా నాయనా" అని శోకాలు మొదలుపెట్టింది. తలనొప్పి బిళ్ళకి వచ్చినవాళ్ళు బిళ్ళ తీసుకోకుండానే వెళ్ళిపోయారు. తలనొప్పి తగ్గినట్టుంది. నేను వైన్ అంటే తాగుబోతునంటుంది, రక్తం అంటే రోగినంటుంది. ఏది మేలో తేల్చుకోలేక సూప్ తాగేశాను.

ఆ కేకలు ఎదురుషాపుకి వినపడకుండా ఉంటాయా? గడియారాలావిడ భూతద్దం నుదుటిమీదికి తోసుకుని రోడ్డు దాటి వచ్చింది.  "ఒంట్లో బాగాలేదటగా, శనివారం మానేద్దామా?" అంది. "అబ్బే, గుర్రంలా ఉన్నానండీ" అన్నాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "నోటికి రుచి తెలుస్తోందా?" అని అడిగింది. మళ్ళీ అడిగింది అక్కా, "నిజం చెప్పండి, రుచి బాగా తెలుస్తోందా?" అని. నువ్వన్నది నిజమే. ఆవిడ పరీక్ష వాయిదా వెయ్యడానికి కూడా ఒప్పుకునేలా లేదు.

నీ ఉత్తరం ఆలస్యంగా వచ్చింది. ముట్టుకోనని రాశాను గానీ, అప్పటికే ఆగలేక ఆ కిటికీలోని సీసాలోంచి మరో మూడు మోతాదులు తీసుకున్నాను. రుచి చూసి మురిసిపోయాను కూడా. ఎంత పులుపు, ఎంత ఘాటు! దవడలు లాగేశాయి. ఇదీ ఇటలీ అంటే అని గదిలో పచార్లు చేశాను. ఆవిడకి చెప్పడానికి "దవడలు బిగిసే గాంభీర్యం" అని ఒక ముక్క కూడా తయారు చేసుకున్నాను. తీరా నీ ఉత్తరం చదివితే అది వెనిగర్ అని తేలింది. పిన్ని దాన్ని పట్టుకెళ్ళి కిటికీ అద్దాలు తుడిచింది. మిలమిల మెరుస్తున్నాయి.

ఇక నా వల్ల కాదు. ఏం చెప్పాలో నువ్వే రాసి పంపు, బట్టీ పడతాను. పరీక్షల్లో నేను గట్టెక్కిందంతా బట్టీ పట్టేగా.

ఇట్లు
నీ తమ్ముడు

తా.క.: పిన్ని తెచ్చిన సూప్ వేడిగా, కాస్త మిరియాలు ఎక్కువై, బాగుంది. రోజూ పంపుతానంటోంది. జబ్బు ఇంకొన్నాళ్ళు ఉంచుకుందామనుకుంటున్నాను.

*

సోమవారం

ఒరే నా బంగారు పిప్పర్మెంటూ,

వైన్ చూశాం. ఏం చెప్పమంటావురా! మొదటి గుక్కకి ఇద్దరం మొహాలు చిట్లించుకున్నాం. రెండో గుక్కకి మీ బావగారు "పాపం, అంత చెడ్డదేం కాదు" అన్నారు. మూడోదానికి ఆయన పాట ఎత్తుకున్నారు. నేను పెళ్ళయిన కొత్తలో విన్నానా పాట, మళ్ళీ ఇన్నాళ్ళకి. పక్కింటివాళ్ళు గోడమీద కొట్టారు, తాళం వేస్తున్నారనుకుని ఆయన గొంతు ఇంకా పెంచారు. నిన్న మళ్ళీ ఒక సీసా తెచ్చుకున్నాం. నీ కోసమే, ఇంకా తెలుసుకోవాల్సింది చాలా ఉంది.

అసలు విషయానికి వస్తాను. హోటల్ మేనేజరు కోటు కోసం వచ్చాడు. మా కౌంటర్ దగ్గర నిలబెట్టి, ఇటలీ ఎర్ర వైన్ గురించి తెలిసినవాళ్ళు ఏం మాట్లాడతారో చెబితేగాని కోటు ఇవ్వనన్నాను. చెప్పాడు. ముందు చెర్రీ తగులుతుంది అనాలట. తర్వాత పొగాకు. ఆ వెనకాల తోలు. అడుగున వానకి తడిసిన మట్టి. ఇవన్నీ కళ్ళు మూసుకుని, ఒక్కోదానికీ కాస్త ఆగి అనాలట. గ్లాసు గుండ్రంగా తిప్పడం మర్చిపోకు. ఎవరైనా మట్టీ తోలూ డబ్బిచ్చి తాగుతారా అని నన్నడగకు. నేను మరకల మనిషిని.

ఆవిడ రుచి గురించి అంత గుచ్చి గుచ్చి అడిగిందంటే నాకు అనుమానం ఎక్కువైంది. చెప్పినదాంట్లో ఒక్క ముక్క తప్పినా నిన్ను వదలదు. అందుకే వచ్చేవారం మీ బావగారూ నేనూ వస్తున్నాం. గెలిస్తే ఆవిడని చూడ్డానికి, ఓడితే నిన్ను ఓదార్చడానికి. ఎటు తేలినా సంచీలో సీసా ఉంటుంది.

ఇట్లు
నీ అక్క

తా.క.: తోలు నిజంగా తగులుతుందో లేదో చూద్దామని మీ బావగారు ఒక గుక్క వైన్ తాగుతూ, ఒకసారి నడుం బెల్టు వాసన చూస్తూ కూర్చున్నారు. ఆఖరికి ఏది ఏదో కలిసిపోయి, బెల్టు బాగుందన్నారు.

*

శనివారం, మధ్యాహ్నం

అక్కకి,

చెర్రీ, పొగాకు, తోలు, మట్టి. నిద్రలో కూడా చెప్తున్నాను. ఇందాక జ్వరంబిళ్ళలకి వచ్చినాయనకి "రోజుకి మూడుసార్లు, తోలు తర్వాత" అని చెప్పాను.

అబద్ధమైనా తెలిసి చెప్పాలి కదా అనిపించి బుధవారం నా చెప్పు వారుని మునిపళ్ళతో కొరికి చూశాను. కడిగే కొరికాను. పనిమనిషి అప్పుడే లోపలికి వచ్చింది. చీపురు గోడకి ఆనించి వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు.

గోధుమరంగు చొక్కా తీసిపెట్టాను. రెండు గ్లాసులు తుడిచి తుడిచి ఒకటి పగిలింది, ఇంకోటి కొనుక్కొచ్చాను. అవి రెండూ ఒక జతలో లేవు. ఆవిడ ఒప్పుకుంటే చాలు, జతల సంగతి తర్వాత చూసుకుంటాను.

నాకు భయంగా ఉంది అక్కా. నవ్వకు.

ఇట్లు
నీ తమ్ముడు

తా.క.: ఈ ఉత్తరం నీకు అందేసరికి అంతా అయిపోయి ఉంటుంది. అయినా మనసులో ఒకసారి నాకోసం దణ్ణం పెట్టుకో.

*

ఆదివారం

అక్కకి,

దొరికిపోయాను. పూర్తిగా దొరికిపోయాను. మొదటినుంచీ చెప్తాను.

ఆవిడ చెప్పిన టైముకి సరిగ్గా వచ్చింది. ఒక చేతిలో సీసా, ఇంకో చేతిలో మూత పెట్టిన గిన్నె. బంగాళాదుంపలు వేయించి తెచ్చిందట. కూర్చోబెట్టాను. బిరడా ఈసారి సవ్యంగానే వచ్చింది. అరగంట గాలికి ఉంచాను. ఆ అరగంటా ఇద్దరం సీసానే చూస్తూ కూర్చున్నాం. తర్వాత పోశాను, గ్లాసు గుండ్రంగా తిప్పాను, మోచేతి దాకా చిందింది. ఆవిడ చూడనట్టు కిటికీవైపు తిరిగింది. ఒక గుక్క తీసుకుని, కళ్ళు మూసుకుని, మొదలుపెట్టాను.

"ముందు చెర్రీ వస్తోందండీ." ఆగాను. "పొగాకు." ఆగాను. "ఆ వెనకాల తోలు. అడుగున వానకి తడిసిన మట్టి."

కళ్ళు తెరిచేసరికి ఆవిడ మొహంలో వెలుగు ఆరిపోయి ఉంది. మెచ్చుకోలు లేదు, వెక్కిరింపూ లేదు. ఏదో తీసుకుందామని చెయ్యి చాపి వెనక్కి తీసుకున్న మనిషిలా కూర్చుంది. "తోలు ఎలా ఉంటుందండీ? మీరెప్పుడు తిన్నారు?" అని మెల్లిగా అడిగింది.

పరీక్షకి అడిగినట్టు లేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగింది. అందుకే నోట్లోంచి అబద్ధం రాలేదు. "బుధవారమండీ. చెప్పు వారు" అన్నాను.

ఇక ఆగలేదు అక్కా, అంతా కక్కేశాను. రోజూ గ్లాసు లేదు, నా మొహం లేదు. గడియారంలో సెల్ నేనే పీకాను. వెనిగర్ తాగి మురిసిపోయాను. మీరు ఎదురుగా కూర్చుంటే నా చేతులు మందులు మార్చేస్తున్నాయి, మీతో నాలుగు మాటలు మాట్లాడాలన్న ఆశతో ఇంత నాటకం ఆడాను, క్షమించండి అన్నాను. లేచి వెళ్ళి తలుపు తీసి పట్టుకుని నిలబడ్డాను. వెళ్ళిపోయేవాళ్ళకి అడ్డంగా ఉండకూడదు కదా.

ఆవిడ లేవలేదు. "సెల్ సంగతి నాకు ఆ రోజే తెలుసు. తలుపు వెయ్యండి, చలిగాలి వస్తోంది" అంది.

వేశాను. అప్పుడు చెప్పింది. రెండేళ్ళ కిందట ఆవిడకి పెద్ద జ్వరం వచ్చిందట. తగ్గింది గానీ, పోతూ పోతూ వాసనా రుచీ రెండూ పట్టుకుపోయిందట. ఏం తిన్నా తడిగుడ్డ నమిలినట్టే. డాక్టర్లు చేతులెత్తేశారు. ఎవరికీ చెప్పుకోలేదు. "చెప్తే అయ్యో అంటారండీ. ఆ అయ్యోలు నేను పడలేను" అంది.

నేను నోరు తెరుచుకుని వింటున్నాను. ఎదురుగా మందులషాపు పెట్టుకుని కూర్చున్నవాణ్ణి, నాకే తెలియలేదు చూడు.

"ఒకరోజు గొంతు బిళ్ళల కోసం మీ షాపుకి వచ్చాను. నా ముందున్న ముసలాయన ఈ సిరప్ ఎలా ఉంటుందని అడిగాడు. 'ముందు తియ్యగా నమ్మిస్తుంది తాతా. గుటక వేశాక చేదు వెనకనుంచి వచ్చి పట్టుకుంటుంది. నాలుక చివర కాస్త మంట. బెంబేలు పడకు, గ్లాసుడు నీళ్ళు తాగితే దానంతటదే పోతుంది' అన్నారు మీరు. ఆయన మొహం మాడ్చుకున్నాడు. నాకు మాత్రం ఎన్నాళ్ళకో నోట్లో ఒక రుచి తగిలినట్టయింది. అప్పట్నించీ పనున్నా లేకపోయినా వచ్చి వరసలో నిలబడుతున్నాను. ఇంట్లో గొంతు బిళ్ళల డబ్బాలు పేరుకుపోయాయి" అంది. "మీకు రోజూ వైన్ అలవాటనగానే ప్రాణం లేచొచ్చింది. నాకు తోలూ పొగాకూ వద్దండీ. మందు గురించి చెప్పినట్టు చెప్పండి."

 గ్లాసు మళ్ళీ చేతిలోకి తీసుకున్నాను అక్కా. నా కోసమని ఒకరు వరసలో నిలబడతారని నేను కలలో కూడా అనుకోలేదు.

తర్వాత తాగాను. తిప్పలేదు, ముక్కు మూసుకోలేదు. "ముందు పులుపండీ. నిమ్మకాయది కాదు. పండీ పండని నల్లద్రాక్షని తొక్కతో సహా కొరికితే వచ్చేది. బుగ్గల లోపలివైపు కాస్త గుంజుతుంది. తర్వాత నాలుక మీద గరుకు, కొత్త తువ్వాలుతో తుడిచినట్టు. చేదుందేమోనని వెతికితే ఉంది, అడక్కపోతే కనపడదు. మింగేశాక ఛాతీలో చిన్న వెచ్చదనం. అది తొందరగా పోవట్లేదు" అన్నాను. ఆవిడ కళ్ళు మూసుకుని తనూ ఒక గుక్క తీసుకుంది. "ఇంకోసారి చెప్పండి" అంది. చెప్పాను. సీసాలో సగం అలాగే చెప్పాను. చివర్లో నా చెప్పడం కాస్త ముద్దముద్దగా వచ్చింది, అదీ బాగానే ఉందంది.

అప్పుడు గిన్నె మూత తీసి బంగాళాదుంపలు వడ్డించింది. ఒక ముక్క నోట్లో వేసుకున్నాను. ఆవిడ ఊపిరి బిగబట్టి నన్నే చూస్తోంది. "ఎలా ఉన్నాయి?" అంది.

అక్కా, బాగున్నాయనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఎవరైనా అదే అంటారు. నేను మింగి, మంచినీళ్ళు తాగి, "రక్తపోటున్నవాళ్ళకి డాక్టరు చీటీ లేకుండా నేనైతే ఇవి ఇవ్వనండీ" అన్నాను.

 ఆవిడ నవ్వడం మొదలుపెట్టింది. నవ్వీ నవ్వీ కళ్ళవెంట నీళ్ళొచ్చాయి, నవ్వు ఆగాక కూడా ఆ నీళ్ళు ఆగలేదు. "రెండేళ్ళుగా అందరూ బాగుందనే అంటున్నారు. మా చెల్లెలు కూడా" అంది. నేను నా రుమాలు ఇచ్చాను.

వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర ఆగింది. "రేపటినుంచి మా ఇంట్లో ఉప్పు మీరే వచ్చి వెయ్యాలి" అంది.

"రేపటినుంచా?" అన్నాను, బుద్ధిలేక.

"ఏం, రేపు మీకు వేరే పనుందా?"

లేదన్నాను. ఎల్లుండి కూడా లేదన్నాను. ఆ తర్వాత కూడా ఎప్పుడూ లేదని, ఆవిడ అడక్కుండానే చెప్పేశాను.

ఇట్లు
నీ తమ్ముడు

తా.క.: నువ్వూ బావగారూ వస్తున్నారని చెప్పాను. చాలా సంతోషించింది. నీ చేతివంట తినాలని ఉందట. నేను పక్కన కూర్చుని, అది ఎలా ఉందో ఉన్నదున్నట్టు ఆవిడకి చెప్పాలట. నన్ను క్షమించు అక్కా, ఆ పూటకి వంట బావగారి చేత చేయించు.